పరదేశములో బంధువుల కలయిక

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 29:1–30, 31:36–55, 45:1–15, నిర్గమకాండము 18:1–12, రోమా 16:1–16.
కంఠస్థము చేయవలసిన వచనము: ఆదికాండము 45:5.



శుక్రవారము సాయంకాలమైనచో మన పల్లెలలో ఫోనులు మ్రోగును. మనకు ఆదివారము సెలవు. కువైటు దేశములో శుక్రవారము సెలవు. ఆ దినముననే అక్కడి మన బిడ్డలు దేవాలయమునకు పోవుదురు. ఆ దినముననే ఒకరి ముఖము ఒకరు చూచుకొందురు. ఆ దినముననే ఇంటికి మాటలాడుదురు. "అమ్మా, ఈ పొద్దు చర్చికాడ మన చిన్నత్త కనపడింది. నన్ను పట్టుకొని ఏడ్చేసింది" అని కుమారుడు చెప్పగా, ఈ ప్రక్క తల్లియు ఏడ్చును. ఇట్టి కబుర్లు నా చెవిని పలుమార్లు పడినవి.

బోర్లు ఎండిపోయి, చెనక్కాయ పంట చేతికి రాక, టమోటా ధర పడిపోయి, అప్పు మాత్రము మిగిలిన ఇండ్లనుండి మనవారు బయలుదేరుదురు. రాజంపేట, రాయచోటి, మదనపల్లె వైపులనుండి ఎందరో పోయిరి. మన పుంగనూరు పల్లెలనుండియు పోయిరి. కువైటులో నేడు సుమారు పది లక్షలమంది భారతీయులున్నారు. మొదట ఇంటినుండి ఒకరు పోవుదురు. తరువాత ఆమె చెల్లెలు పోవును, ఆ వెనుక మేనల్లుడు పోవును. ఇక్కడ చెదరిన కుటుంబము అక్కడ కొంచెము కొంచెముగా కూడుకొనును. ఇక్కడ ఒకే వీధిలోనుండి పలుకరించుకొననివారు కూడ అక్కడ ఎదురుపడుదురు.

అట్లు ఎదురుపడినప్పుడు ఏమి జరుగును? ఈ మాసపు పాఠము దానిని గూర్చినదే. పరిశుద్ధ గ్రంథములో పరదేశమందు బంధువును కలిసికొన్న ఇద్దరు మనుష్యులున్నారు. ఇద్దరును కౌగిలించుకొనిరి, ఇద్దరును ముద్దుపెట్టుకొనిరి. ఒకడు లాబాను, మరియొకడు యోసేపు. కౌగిలించుకొనుట అందరికిని వచ్చును. ఆ కౌగిలి ఎట్టిదో దాని తరువాత జరిగినదానినిబట్టి తెలిసికొనవలెను.

1. ఆ దేశమునకును మనకును గల పాత బంధుత్వము

కువైటు మనకు కేవలము జీతమిచ్చు దేశమని తలంచుచున్నాము. కాని మన సంఘమునకు దానితో పూర్వమే ఒక బంధుత్వమున్నది. అమెరికా దేశపు రిఫార్మ్డ్ సంఘమువారు 1853లో స్కడ్డరు సహోదరుల ద్వారా ఆర్కాటు మిషనును స్థాపించిరి. ఆ మిషనువారైన జేకబ్ ఛాంబర్లేను దొరగారు 1863లో మదనపల్లెలో పని ప్రారంభించి, సువార్తను వైద్యమును కలిపి జరిగించి, తెలుగు బైబిలు సవరణకై పాటుపడి, 1908లో మదనపల్లెలోనే ప్రభువునందు నిద్రించిరి. 1911లో వెలసిన మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రియు ఆ మిషను నాటిన చెట్టే. మన అవ్వలు తాతలు ఆ చెట్టు నీడను కూర్చున్నవారే.

అదే రిఫార్మ్డ్ సంఘమువారి వేదాంత పాఠశాలలో 1889లో మరియొక మిషను పుట్టినది. జేమ్స్ కాంటైను, శామ్యూల్ జ్వీమరు అను యౌవనస్థులు అరబ్బు దేశములకు పోవుటకు తీర్మానించుకొనిరి. దానిని అరేబియా మిషను అనిరి. ఆ మిషనువారు కువైటునకు వచ్చి, అచ్చటి ప్రజలకు మందిచ్చి, శస్త్రచికిత్సలు చేసి, ఆసుపత్రి కట్టిరి. 1912లో ఎలినార్ కాల్వర్లీ అను వైద్యురాలు అచ్చట స్త్రీలకు వైద్యము చేయ మొదలిడెను. ఆ ఆసుపత్రి 1967లో మూయబడినది గాని, ఆ పనిలోనుండి పుట్టిన సంఘము మాత్రము నిలిచియున్నది. దానినే కువైటు నేషనల్ ఇవాంజెలికల్ చర్చి అందురు. 1999లో కువైటు దేశస్థుడైన అమ్మానుయేలు ఘరీబు గారు అందులో కాపరిగా అభిషేకము పొందిరి. నేడు ఆ ఆవరణములో అరబ్బీ, ఇంగ్లీషు, మలయాళము, తమిళము, తెలుగు మొదలగు అనేక భాషల సంఘములు వంతులవారీగా ఆరాధించుచున్నవి.

మదనపల్లె మిషను, కువైటు మిషను ఒకే తల్లి కడుపున పుట్టిన బిడ్డలు. కావున మన పల్లెనుండి పోయిన అత్తయు మేనల్లుడును ఆ ఆవరణములో కలిసికొనుటకు ముందే, మన సంఘమును ఆ సంఘమును అక్కచెల్లెండ్రై యుండెను. మనము ఎరుగకమునుపే దేవుడు మనవారికొరకు అక్కడ ఒక చోటు సిద్ధపరచెను. 1961వరకు కువైటు బజారులో రూపాయలే చెలామణి అయినవని వినినప్పుడు మనము ఆశ్చర్యపడుదుము. దానికంటె ఆశ్చర్యమైనది ఈ బంధుత్వము.

2. లాబాను కౌగిలి

యాకోబు ఇల్లు విడిచి, అన్నకు భయపడి, చేతికఱ్ఱ మాత్రము పట్టుకొని హారానునకు వచ్చెను. బావియొద్ద తన మేనమామ కుమార్తెను చూచి బిగ్గరగా ఏడ్చెను. పరదేశములో మొదట కనబడిన బంధువును చూచినప్పుడు ఎవరికి ఏడ్పు రాదు? లాబాను పరుగెత్తి వచ్చెను, కౌగిలించుకొనెను, ముద్దుపెట్టుకొనెను, ఇంటికి తోడుకొనిపోయెను. నీవు నా రక్తసంబంధివే గదా అని ఒప్పుకొనెను. ఈ మాటలలో తప్పేమియు లేదు.

ఒక నెల గడిచెను. ఆ నెలలో యాకోబు మంచి పనివాడని లాబాను గ్రహించెను. బంధువువని ఊరక పనిచేయుదువా, జీతమేమి కావలెనని అడిగెను. ఆ మాటయు మంచి మాటవలెనే వినబడును. యాకోబు రాహేలుకొరకు ఏడు సంవత్సరములు పనిచేసెను. పెండ్లి రాత్రి గడిచి తెల్లవారగా అతడు చూచినది లేయాను. మరల ఏడు సంవత్సరములు పనిచేసెను. ఆ తరువాత మంద కొరకు ఆరు సంవత్సరములు. వెరసి ఇరువది సంవత్సరములు. పగలు ఎండకు, రాత్రి మంచుకు క్షీణించి, కన్నులకు నిద్ర దూరమైనదనియు, తన జీతము పదిమార్లు మార్చబడినదనియు యాకోబు తుదకు మొరపెట్టెను (ఆది. 31:38–41). లాబాను సొంత కుమార్తెలే తమ తండ్రి తమ్మును అమ్మివేసెనని చెప్పుకొనిరి (31:15).

ఇందులో మన బిడ్డల కథ కనబడుట లేదా? వాగ్దానము చేసిన పని ఒకటి, చేతికిచ్చిన పని మరియొకటి. చెప్పిన జీతము ఒకటి, ఇచ్చినది మరియొకటి. లాబాను పరాయివాడైయున్నయెడల యాకోబు మొదటనే విచారించియుండును. మేనమామ గనుక విచారింపలేదు. పరాయివానిని మనము తూచి చూతుము. బంధువును తూచుట మర్యాద కాదనుకొందుము. మోసము ప్రవేశించు వాకిలి అదియే.

3. ఒక చిన్నవాని సంగతి

మా పల్లెల సంఘములలో ఒకదానిలో జరిగిన సంగతిని, ఆ ఇంటివారి అనుమతితో, గుర్తులు కొన్ని మార్చి చెప్పుచున్నాను.

ఒక తల్లికి ఇరువది నాలుగేండ్ల కుమారుడుండెను. తండ్రి వైపు దగ్గరి బంధువొకడు కువైటులో చాలకాలముగా ఉండి, సెలవుకు వచ్చినప్పుడు వానిని భుజముమీద చెయ్యి వేసి దగ్గరకు తీసికొని, "వీడు నా బిడ్డ లెక్క. నేను పిలిపించుకుంటా. ఇంట్లో డ్రైవరు పని, ఏసీ కారు" అనెను. వీసాకు లక్షన్నర రూపాయలు పుచ్చుకొనెను. తల్లి చెవుల కమ్మలు కుదువపెట్టి, మిగిలినది వడ్డీకి తెచ్చెను.

చిన్నవాడు బయలుదేరు ముందు తల్లి వానిని వెంటబెట్టుకొని నాయొద్దకు ప్రార్థనకై వచ్చెను. నేను వాని తలమీద చేతులుంచి ప్రార్థించితిని. నూట ఇరువది యొకటవ కీర్తన చదివితిని. టీ త్రాగించి పంపితిని. వీసా కాగితము చూపుమని అడుగలేదు. దానిపై ఏ పని వ్రాయబడియున్నదని అడుగలేదు. బంధువు పిలిచినాడు గదా అని నేనును తృప్తిపడితిని. ప్రార్థించుట నా పని, కాగితములు చూచుట ఏజెంటు పని అనుకొంటిని. ఇది నా తప్పు. సంఘము ఎదుట ఒప్పుకొనుచున్నాను.

విమానాశ్రయములో ఆ బంధువు కౌగిలించుకొనెను, ఆ రాత్రి అన్నము పెట్టెను. మరునాడు దక్షిణపు సరిహద్దుననున్న వఫ్రా తోటలకు తీసికొనిపోయి ఒక యజమానికి అప్పగించెను. కారు లేదు, గొఱ్ఱెలున్నవి. పాస్‌పోర్టు యజమాని తీసికొనెను. మొదటి నెల జీతము వచ్చెను, తరువాత నాలుగు నెలలు రాలేదు. ఫోను చేసినచో ఆ బంధువు, "ఓర్చుకో, అందరూ ఇట్లే మొదలు పెట్టినారు" అనుచుండెను. యాకోబువలె వాడును బంధువు చేతనే గొఱ్ఱెలయొద్దకు చేరెను. తల్లికి మాత్రము, "కారు బాగుంది అమ్మా" అని చెప్పుచుండెను.

4. యోసేపు కౌగిలి

ఇప్పుడు ఐగుప్తునకు పోదము. యోసేపు పదునేడేండ్ల వాడైయుండగా అన్నలు ఇరువది తులముల వెండికి వానిని అమ్మివేసిరి. ముప్పదియవ యేట ఫరో ఎదుట నిలిచెను. ఏడు సంవత్సరములు పంట, రెండు సంవత్సరములు కరవు గడచిన తరువాత అన్నలకు తన్ను తెలియజేసికొనెను. లెక్కించి చూడుడి: ఇరువది రెండు సంవత్సరములు. ఆ అన్నలు తెలియని దేశములో, తెలియని భాషలో, ధాన్యము కొరకు చేతులు కట్టుకొని తన యెదుట నిలిచిరి. జీతమివ్వవలెనన్నను చెరలో వేయవలెనన్నను అతని చేతిలోనే ఉండెను.

అతని కౌగిలిలో నాలుగు సంగతులు గమనింపవలెను.

మొదటిది: అతడు తొందరపడి కౌగిలించుకొనలేదు. వారు మారిరో లేదో శోధించి చూచెను. బెన్యామీను బదులు నేను దాసుడనగుదునని యూదా ముందుకు వచ్చినప్పుడు (44:33) వారు మారిరని తెలిసికొనెను. క్షమించుట అనగా కన్నులు మూసికొనుట కాదు.

రెండవది: పరాయివారినందరిని బయటికి పంపివేసెను (45:1). అన్నల పాపము ఐగుప్తీయుల యెదుట బయటపెట్టలేదు. ఇంటి తగవును పరదేశపు వసతిగదిలో నలుగురి యెదుట విప్పు బంధువులు దీనిని ఆలోచింపవలెను.

మూడవది: మీరు నన్ను అమ్మిరి అను నిజమును దాచలేదు, అయినను ప్రాణములను కాపాడుటకై దేవుడే నన్ను ముందుగా పంపెనని చెప్పెను. పరదేశమునకు మొదట పోయినవాడు తన్ను గూర్చి ఇట్లే తలంపవలెను. నేను ముందుగా వచ్చినది నా వెనుక వచ్చువారిమీద సంపాదించుటకు కాదు, వారిని బ్రదికించుటకు.

నాలుగవది: కౌగిలి తరువాత అన్నము పెట్టెను. గోషెనులో చోటు ఇచ్చెను, పిల్లలకు స్త్రీలకు బండ్లు పంపెను, కరవు తీరువరకు పోషించెను. ఆ ముద్దు తరువాతనే అన్నలు అతనితో మాటలాడగలిగిరని వాక్యము చెప్పుచున్నది (45:15). పూర్వము వారు అతనితో సమాధానముగా మాటలాడలేకపోయిరని 37:4లో చదువుదుము. ఇల్లు విడిచి, దేశము విడిచి, ఇరువది రెండేండ్లు గడచిన తరువాత ఆ ఇంటివారికి నోరు తెరచుకొనెను.

5. పెద్దమ్మ చేసిన పని

ఆ చిన్నవాని తల్లికి ఒక అక్క ఉండెను. ఆమెయు కువైటులోనే ఒక ఇంట వంటపని చేయుచుండెను. అక్కచెల్లెండ్రకు చెరువు క్రిందనున్న అర ఎకరము పొలము విషయమై తగవు వచ్చి తొమ్మిదేండ్లు మాటలు లేవు. అక్క కుమార్తె పెండ్లికి చెల్లెలు పోలేదు. చెల్లెలి కుమారుడు కువైటులో నున్నాడని అక్కకు తెలియదు.

ఒక శుక్రవారము ఆ తోటలకు కూరగాయల బండి తోలు తెలుగువాడొకడు చిన్నవానిని ఎక్కించుకొని నగరములోని ఆరాధనకు తెచ్చెను. ఆరాధన ముగిసి అందరు ఆవరణములో నిలిచియుండగా, ఒక స్త్రీ వానిని కొంతసేపు చూచి దగ్గరకు వచ్చెను. "నువ్వు మా చిన్నదాని కొడుకువి కదరా? మా నాయన మొగం నీకు అచ్చు దిగిందే" అనెను. వాడు తల వంచుకొని, "అవును పెద్దమ్మా" అనెను. పొలము మాట ఆమె ఎత్తలేదు. "అన్నం తిన్నావా?" అని మాత్రమడిగెను. తాను తెచ్చుకొన్న చిత్రాన్నము వాని చేతికిచ్చెను. వాని అరచేతులు చూచి సంగతి గ్రహించెను.

తరువాత ఆమె చేసినవి వినుడి. వాని వీసా కాగితమును తన ఫోనులో ఫొటో తీసికొనెను. చదువు వచ్చిన సంఘపెద్ద నొకని చేత దానిని చదివించెను. తనకు సెలవు దొరికిన దినమున వానిని భారత రాయబార కార్యాలయమునకు తోడుకొనిపోయి ఫిర్యాదు వ్రాయించెను. మూడు నెలలు పట్టెను. రావలసిన జీతములో కొంత మాత్రమే వచ్చెను. టిక్కెట్టు డబ్బు ఆమె ఇచ్చెను. అది ఆమె తన ఇంటి పైకప్పుకొరకు కూడబెట్టినది.

మొదటి శుక్రవారముననే ఆమె వాని ఫోనులో ఇంటికి మాటలాడెను. తల్లి, కుమారుడే అనుకొని "ఏం నాయనా" అనెను. "నేనేలే, అక్కను" అని ఇవతలనుండి వినబడెను. చాలసేపు ఇద్దరును మాటలాడలేదు. తరువాత చెల్లెలు, "అక్కా, బాగుండావా?" అనెను. తొమ్మిదేండ్ల తరువాత వచ్చిన మాట అది.

ఆ పొలము తగవు ఇంకను తెగలేదు. కాని అక్క సెలవుకు వచ్చినప్పుడు వారిద్దరును ప్రక్కప్రక్కన మోకాళ్లూని ప్రభువు బల్లయందు పాలుపొందిరి. రొట్టె పంచిపెట్టునప్పుడు నా చెయ్యి వణకినది.

డబ్బు పుచ్చుకొన్న ఆ బంధువు సంగతి ఏమని మీరడుగుదురు. నేను అతనితో మాటలాడితిని. "నాకూ ఒకడు ఇట్లే అమ్మినాడు అయ్యగారూ, నేనూ అప్పు చేసి కట్టినా" అనెను. అది నిజమే కావచ్చును. అమ్మబడినవాడు ఇంకొకనిని అమ్మును. యోసేపును అమ్మబడినవాడే, కాని అమ్మకమును అతడు తనతోనే ఆపివేసెను. ఆ డబ్బు ఇంకను తిరిగి రాలేదు. యాకోబు లాబానులు తుదకు రాళ్ల కుప్ప వేసికొని, దానిని దాటి ఒకరికొకరు కీడు చేయకుందుమని నిబంధన చేసికొని విడిపోయిరి (31:44–52). కొన్ని కలయికలు అంతవరకే వచ్చును. అయినను దేవుడు ఆ కుప్పకు ఇరువైపుల సాక్షియైయున్నాడు. ఆ సహోదరుని కొరకు ప్రార్థించుచున్నాము. డబ్బు తిరిగి ఇమ్మని అడుగుచును ఉన్నాము.

6. యిత్రోవలె కలిసికొనుడి

నిర్గమకాండము 18వ అధ్యాయములో అరణ్యమందు మోషేయొద్దకు అతని మామ యిత్రో వచ్చెను. ఒంటరిగా రాలేదు, మోషే భార్యను, ఇద్దరు కుమారులను తోడుకొని వచ్చెను. మోషే ఎదురువెళ్లి, నమస్కరించి, ముద్దుపెట్టుకొని, క్షేమసమాచారములడిగెను. త్రోవలో కలిగిన కష్టమును, దేవుడు విడిపించిన విధమును రెంటిని చెప్పెను. యిత్రో సంతోషించి దేవుని సన్నిధిని భోజనము చేసెను. మరునాడు అల్లుని పనిభారమును చూచి మంచి ఆలోచన చెప్పెను. శుక్రవారము బంధువులు కలిసికొనుటకు ఇంతకంటె మంచి క్రమమున్నదా? క్షేమమడుగుట, కష్టము దాచకుండుట, దేవునికి స్తోత్రము చెప్పుట, కలిసి తినుట, ఆలోచన చెప్పుట.

ఆలోచన చెప్పుటకు తెలివి కావలెను గనుక కొన్ని సంగతులు ఇక్కడ వ్రాయుచున్నాను. కువైటు దేశములో ఇంటిపనివారి కొరకు 2015లో 68వ నంబరు చట్టము చేయబడినది. దాని ప్రకారము దినమునకు పండ్రెండు గంటలకు మించి పని చేయించరాదు. వారమునకొక దినము, సంవత్సరమునకు ముప్పది దినములు జీతముతో కూడిన సెలవు ఇయ్యవలెను. పనివారి పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకొనరాదు. వీసా అమ్ముట ఆ దేశములోనే నేరము. బంధువు అమ్మినను నేరమే. మన ప్రభుత్వపు నియమము చొప్పున, పదవ తరగతి చదువని స్త్రీ ఇంటిపనికి అచ్చటికి పోవలెనన్నచో ముప్పది యేండ్లు నిండవలెను. పోవువారు ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పద్ధతిలో నమోదై పోయినచో, ప్రమాదవశమున ప్రాణము పోయిన యెడల కుటుంబమునకు పది లక్షల రూపాయల బీమాయు కలదు. చుట్టపుచూపు వీసామీద పనికి పోవువారికి ఈ రక్షణలు దొరకవు.

అక్కడి బంధువులు ఒకరి చిరునామా, అకామా నంబరు, పాస్‌పోర్టు నకలు మరియొకరియొద్ద ఉంచుకొనవలెను. ఇది అపనమ్మకము కాదు. 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యము కువైటులో ప్రవేశించినప్పుడు, నిన్నటి అన్నపు దేశము ఒక్క రాత్రిలో భయపు దేశమాయెను. ఆగస్టు 13 మొదలు అక్టోబరు 11 వరకు లక్షకు పైగా భారతీయులు అమ్మాను పట్టణము మీదుగా విమానములలో ఇల్లు చేరిరి. 2024 జూన్ 12న మంగాఫులో పనివారి వసతిగృహము తగులబడి నలుబదిమందికి పైగా భారతీయులు మరణించిరి. అట్టి దినమున "మావాడెక్కడ?" అని తిరిగి వెదకువాడు రక్తసంబంధియే. వెదకుటకు వానికి చిరునామా కావలెను గదా.

7. బంధువులు లేనివారు

అందరికిని ఆవరణములో పెద్దమ్మ కనబడదు. వారమునకొక దినము సెలవు అని చట్టము చెప్పినను వాకిలి దాటనియ్యని ఇండ్లున్నవి. అట్టి సహోదరీలను మరువకుడి. రోమా 16వ అధ్యాయములో పౌలు తన బంధువులను పేరుపేరున తలంచుచు వందనములు పంపెను. వారి మధ్యలో రూఫు తల్లిని తలంచి, ఆమె తనకును తల్లియే అని వ్రాసెను (16:13). ఆమె పౌలును కనలేదు. ఏదో ఒక ఊరిలో ఈ ప్రయాణికునికి అన్నము పెట్టియుండును, బట్ట ఉతికియుండును. ఒంటరివారిని దేవుడు సంసారులనుగా చేయునని 68వ కీర్తనలో చదువుదుము. దేవుడు దానిని రూఫు తల్లివంటి స్త్రీల చేతులతో చేయును. కువైటులోనున్న మన సోదరీలారా, శుక్రవారము అన్నపు డబ్బాలో ఒక పిడికెడు ఎక్కువ పెట్టుకొని పొండు. ఎవరో ఒకరు మీ యెదుట నిలుచును.

8. ఇంటనున్న మనకు

అక్కడివారి కలయికను చెరుపువారము కొన్నిసార్లు ఇక్కడనున్న మనమే. ఒకరి మాట ఒకరికి ఫోనులో మోయుదుము. "మీ అత్త బంగారు పంపింది, నువ్వేం పంపినావు?" అని కుమారుని పొడుతుము. తిరిగి వెళ్లు అన్నలతో యోసేపు, త్రోవలో కలహపడవద్దని హెచ్చరించెను (45:24). ఆ హెచ్చరిక ఫోను పట్టుకొన్న మనకును చెల్లును. వారి పిల్లలు అవ్వల చేతులలో పెరుగుచున్నారు. ఆ పిల్లలకు సంఘమే మేనమామ, సంఘమే పిన్నమ్మ కావలెను.

మరియొక తీర్మానము. ఇకమీదట పరదేశమునకు పోవువారెవరైనను ప్రార్థనకు నాయొద్దకు వచ్చినప్పుడు, కాగితములు తీసికొని రావలెను. సంఘములో చదువుకొన్న ఇద్దరు పెద్దలతో కలిసి వాటిని చదివిన తరువాతనే చేతులుంచి ప్రార్థింతుము. పిలిచినవాడు బంధువైనను అట్లే చేయుదుము.

మనమందరమును ఒకప్పుడు పరదేశులము, పరజనులము. మన అన్న యైన యేసు మనలను కౌగిలించుకొనెను. ఆ కౌగిలి తరువాత మనయొద్ద ఏమియు పుచ్చుకొనలేదు, తన్నుతానే ఇచ్చెను. మన కౌగిలి లాబానుదో యోసేపుదో ఆయన చూచుచున్నాడు.

చర్చించుటకు ప్రశ్నలు

1. లాబాను మొదట పలికిన మాటలకును తరువాత చేసిన పనులకును గల భేదమేమి?
2. యోసేపు అన్నలను వెంటనే కౌగిలించుకొనక శోధించుట ఎందుకు?
3. మీరు మాటలాడని బంధువు ఎవరైనను పరదేశములో నున్నారా? ఈ వారము మీరు మొదట ఏమని పలుకగలరు?
4. మన సంఘమునుండి పోయినవారి పేర్లు, చిరునామాలు సంఘపు పుస్తకములో వ్రాయబడియున్నవా?

ప్రార్థన

చెదరినవారిని సమకూర్చు తండ్రీ, సముద్రము దాటి పోయిన మా బిడ్డలను నీ కన్నుల యెదుట ఉంచుకొనుము. వారు ఎదురుపడినప్పుడు వారి చేతులలో మోసము లేకుండ చేయుము. అమ్మబడినవారిని విడిపింపుము, అమ్మినవారికి మారుమనస్సు దయచేయుము. మాట లేని అక్కచెల్లెండ్రకు మాట నిమ్ము. సెలవు లేని వారియొద్ద నీవే కూర్చుండుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.